పేరు మస్టర్‌లో, మనిషి కొండ కింద: కరోనా రెండు వేసవుల్లో విశాఖ ఫైర్ బృందాల కేస్ స్టడీ

కరోనా ఉన్న రెండు వేసవుల్లోనూ అటవీ శాఖలో మా సెక్షన్ మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) తీసి చూస్తే, అడవి మంటలార్పడానికి సీజన్‌కి తీసుకునే ఫైర్ వాచర్ల సంఖ్య పెద్దగా తగ్గినట్టు కనబడదు. పైకి పంపిన నెలవారీ రిపోర్టుల్లోనూ అంతే. కానీ మధ్యాహ్నం రెండింటికి కొండ మీద పొగ లేస్తే, గంటలోపు ఆ మంట దగ్గరకి చేరినవాళ్లని లెక్కపెడితే, కొన్ని రోజుల్లో ఉండాల్సినవాళ్లలో సగం మంది కూడా లేరు. ఈ రెండు లెక్కల మధ్య అంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని ఎలా పూడ్చుకున్నాం, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, అవన్నీ ఇక్కడ రాస్తున్నాను. సెక్షన్ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. బీట్లలో (సెక్షన్ కింద ఉండే అడవి ముక్కల్లో) తిరిగేవాళ్లకీ, వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) కమిటీల్లో ఉన్నవాళ్లకీ, రేపు ఇంకో జబ్బు వచ్చినప్పుడు మనుషుల్ని సర్దుకోవాల్సిన వాళ్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

చోటు, అగ్గి, మనుషులు

విశాఖ అడవి అనగానే అరకు, లంబసింగి అంటారు గానీ, ఊరిని ఆనుకునే అడవి ఉంది. హనుమంతవాక దాటగానే హైవేకి ఒక పక్క జూ, ఇంకో పక్క కంబాలకొండ అభయారణ్యం, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. అటు వెనక సింహాచలం కొండలు, ఇటు సముద్రం వైపు సీతకొండ, కైలాసగిరి, హార్బర్ అవతల యారాడ కొండ. ఏజెన్సీ అడవులు కూడా ఆ రెండేళ్లలో విశాఖ జిల్లాలోనే ఉండేవి, అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఈ కొండల మీద చెట్లు కూల్చేశాక, చెట్లు పోయిన ఖాళీల్లోకి గడ్డి, తుప్పలు ఎక్కేశాయి. ఫిబ్రవరి దాటాక ఆ గడ్డి నడుమెత్తున ఎండిపోయి ఉంటుంది, బీడీ ముక్క చాలు.

అగ్గి దానంతటది పుట్టడం మా వైపు దాదాపు లేదు. జీడి తోటల్లో చెత్త తగలబెట్టినప్పుడు గాలికి కొండెక్కుతుంది. పశువులకి లేత గడ్డి రావాలని కొందరు అంటిస్తారు. ఏజెన్సీలో అయితే ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద రాలిన ఆకు కాలుస్తారు, కొండపోడు కాలుస్తారు, ఏదైనా గాలి తిరిగిందంటే అడవిలోకి పోతుంది. ఇవన్నీ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. అదే నెలల్లో గిరిజనుల ఇటుకల పండగ కూడా వస్తుంది, ఆ రోజుల్లో ఏజెన్సీ వాచర్లు డ్యూటీకి రారు, వాళ్ల పండగ వాళ్లకి ముఖ్యం, అది మాకు ముందే తెలుసు కాబట్టి సర్దుకునేవాళ్లం. ముందుగా తెలిసిన గైర్హాజరు ఎంత పెద్దదైనా ఇబ్బంది పెట్టదు. పొగ లేచాక తెలిసే గైర్హాజరుతోనే చిక్కు.

ఫైర్ బృందంలో ఎంతమంది ఉండాలన్నది పని మీద ఆధారపడి ఉంటుంది. ఒకడు బ్లోయర్ పట్టుకుని ముందు నడుస్తూ ఎండుటాకుల్ని పక్కకి ఊదాలి. వాడి వెనక ఇద్దరు కత్తులతో తుప్పలు నరకాలి. ఇంకో ఇద్దరు ముగ్గురు పచ్చి మండలతో మంట అంచుని కొట్టుకుంటూ రావాలి. ఒకడు ఎత్తయిన చోట నిలబడి గాలి ఎటు తిరుగుతోందో చూసి కేకెయ్యాలి. నీళ్లు మోసేవాడు ఒకడు. పదిమంది ఉంటే మంటని రెండు పక్కల నుంచీ నొక్కుకుంటూ వచ్చి మొదటి గంటలోనే ఆపెయ్యొచ్చు. ఐదుగురే ఉంటే ఒక పక్కే పని జరుగుతుంది, రెండో పక్క మంట కొండ మీదకి పాకుతూనే ఉంటుంది, ఇక వెనక్కి తగ్గి ఏ గెడ్డ దగ్గరో, బండి దారి దగ్గరో కాపు కాయడం తప్ప దారి లేదు. అంటే మనుషులు సగానికి తగ్గితే కాలే నేల రెట్టింపుతో ఆగదు, దానికి ఎన్నో రెట్లు పోతుంది. రాబోయేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

కరోనాకి ముందు మా పద్ధతి మామూలు పద్ధతే. వేర్వేరు ఊళ్ల నుంచి మనుషుల్ని తీసుకుని ఒక బేస్ క్యాంపులో పెట్టడం, కబురు రాగానే అందరినీ ఒకే జీపులో ఎక్కించి పంపడం. వండుకునేది ఒకచోట, పడుకునేది ఒకచోట, బ్లోయర్లు, కత్తులు అన్నీ అక్కడే.

2020: మనుషులున్నారు, రావడానికి దారి లేదు

మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఫైర్ సీజన్ నడిబొడ్డున వచ్చి పడింది. కాగితం మీద మాకు అడ్డేం లేదు, 25వ తేదీనే కేంద్ర హోం శాఖ ఇచ్చిన అదనపు ఉత్తర్వులో అడవుల్లో మంటలార్పే సిబ్బందికి, పెట్రోలింగ్‌కి, వాళ్లు తిరగడానికి మినహాయింపు ఇచ్చారు. కానీ ఆ ఉత్తర్వు ప్రతి చెక్‌పోస్టు దగ్గరా నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో ఉండదు కదా. జీపులో పదిమంది కిక్కిరిసి కూర్చుని, చేతుల్లో కత్తులు పట్టుకుని వెళుతుంటే ఎవరైనా ఆపుతారు. ఆపాక ఫోన్లు చేసి, ఒప్పించి వదిలించుకునేసరికి మంట ఒక గుట్ట దాటేసేది. ప్రతి వాచర్‌కీ ఫొటోతో లెటర్‌హెడ్ మీద పాస్ ఇచ్చాక ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది.

అంతకన్నా పెద్ద అడ్డు ఊళ్లే వేశాయి. ఏప్రిల్లో చాలా ఊళ్లు దారికి అడ్డంగా దుంగలు, ముళ్లకంప వేసుకుని బయటివాళ్లని రానివ్వలేదు. ఆ భయం సబబైనదే, ఆసుపత్రి దూరంగా ఉన్న ఊరికి అంతకన్నా వేరే రక్షణ ఏముంది. అయితే మా వాచర్ డ్యూటీకి ఊరు దాటి వస్తే, తిరిగి ఊళ్లోకి రానిచ్చేది లేదన్నారు. నెల రోజులు క్యాంపులోనే ఉండిపోవడమా, ఇంట్లోనే ఆగిపోవడమా, రెండే దారులు. ముసలి తల్లిదండ్రులున్నవాళ్లు ఇంట్లో ఆగిపోయారు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. మస్టర్‌లో పేరుంది, సీజన్‌కి తీసుకున్నాం, మనిషి మాత్రం దుంగకి అవతల ఉన్నాడు.

ఇక్కడే ఇంకో వింత జరిగింది. సంతలు మూతపడ్డాయి, సిటీలో కట్టుబడి పనులు ఆగిపోయాయి, చెన్నై, బెంగళూరు వెళ్లిన కుర్రాళ్లు తిరిగొచ్చేశారు. ఊళ్లలో పని కావాల్సినవాళ్లు ఎప్పుడూ లేనంత మంది ఉన్నారు, ఫైర్ వాచర్ కూలీ దొరికితే చాలన్నట్టుగా అడిగారు. సంఖ్య కోసం చూసుకుంటే మాకు ఇబ్బందే లేదు, రాలేనివాళ్ల స్థానంలో వీళ్లని రాసుకోవచ్చు, కొన్ని చోట్ల రాసుకున్నాం కూడా. ఒక సాయంత్రం సింహాచలం కొండల వెనకవైపు ఏటవాలు మీద గడ్డి అంటుకుంది. కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు ఉత్సాహంగా అందరికన్నా ముందు పరిగెత్తి మంటకి పైవైపుకి వెళ్లి నిలబడ్డారు, అక్కణ్ణుంచి కిందకి కొట్టుకుంటూ వద్దామని. ఏటవాలు మీద మంట పైకి ఎంత జోరుగా పాకుతుందో అడవిలో పెరిగినవాడికి చెప్పక్కర్లేదు, పైనున్న గడ్డిని మంట ముందే ఎండబెట్టి ఉంచుతుంది, గాలి ఒక్కసారి తోసిందంటే మనిషి పరుగుకి అందదు. కింద నుంచి పాత వాచర్ ఒకాయన చూశాడు. "ఒరే, కాలిన దాన్లోకి దిగిపోండ్రా, నల్లగున్న చోటికి, ఎల్లండ్రా!" అని గొంతు చించుకున్నాడు. పక్కనే ఒక బండ దగ్గర అప్పటికే కాలి చల్లారిన మడి లాంటి చోటుంది, అందులోకి దూకారు. ఒకడి అరచేతులు బొబ్బలెక్కాయి, అంతటితో పోయింది. ఆ రోజు నుంచి రెండు సీజన్లయినా చెయ్యని మనిషిని మంట అంచుకి పంపకూడదని గట్టిగా అనుకున్నాం, నీళ్లకీ, తర్వాత నిప్పులు చల్లార్చడానికీ మాత్రమే.

మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది. గోపాలపట్నం వైపు ఊళ్లు ఊళ్లే ఖాళీ చేసి పోయాయి. ఆ చుట్టుపక్కల ఇళ్లున్న మా వాచర్లు పెళ్లాం పిల్లల్ని తీసుకుని బంధువుల ఇళ్లకి వెళ్లిపోయారు, కొన్ని రోజులు ఆ వైపు కొండల మీద మాకు మనిషన్నవాడు లేడు. జబ్బు వల్ల బలహీనపడ్డ ఏర్పాటు మీద ఇంకో దెబ్బ పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ వారం పెద్ద మంట రాకపోవడం మా గొప్ప ఏమీ కాదు.

ఆ సీజన్ మొత్తం చూసినా అంతే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల లెక్క ప్రకారం 2018 నవంబరు నుంచి 2019 జూన్ దాకా దేశంలో 2,10,286 మంటల గుర్తింపులు నమోదైతే, 2019-20లో అవి 1,24,473కి పడిపోయాయి. ఆ ఏడాది వేసవికి ముందు వానలు బాగా పడ్డాయి, అడవిలో తిరిగే జనం కూడా తగ్గారు. మా కొండల మీదా అదే కనబడింది. కంబాలకొండ ఎకో పార్కు మూసేశారు, సింహాచలం చందనోత్సవం కూడా భక్తులు లేకుండానే జరిగింది, కొండల మీద వంటలు చేసుకునేవాళ్లు లేరు, సరదాగా తిరిగేవాళ్లు లేరు. కానీ సీజన్ అయ్యాక మీటింగుల్లో వినబడిన మాట "తక్కువ మందితో కూడా నెట్టుకొచ్చాం కదా" అని. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మంటలు తక్కువ వచ్చిన ఏడాదిని చూపించి మనుషులు సరిపోయారనడం తప్పు. అది తప్పని చెప్పడానికి పన్నెండు నెలలు కూడా పట్టలేదు.

2021: దారి ఉంది, ఊపిరి లేదు

2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా దేశంలో మంటల గుర్తింపులు 3,45,989. ముందటేడాదికి దాదాపు మూడు రెట్లు. అదే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్. మొదటి ఏడాది మా మనుషుల్ని ఆపింది భయం, చెక్‌పోస్టులు. రెండో ఏడాది జబ్బే వచ్చి పడుకోబెట్టింది.

బేస్ క్యాంపు పద్ధతి ఎంత ప్రమాదమో అప్పుడు చూశాం. క్యాంపులో ఒకరికి జ్వరం వచ్చింది, టెస్టు చేస్తే పాజిటివ్. అతనితో కలిసి తిన్నవాళ్లు, పడుకున్నవాళ్లు, ఒకే జీపులో తిరిగినవాళ్లు అందరూ కాంటాక్టులే. అంటే బృందం మొత్తం. ఒక్క మనిషి జబ్బుతో ఒక పెద్ద కొండ వైపు అంతా ఖాళీ అయిపోయింది, మిగతావాళ్లకి ఏ లక్షణాలూ లేకపోయినా సరే. ముందటేడాది కాలిఫోర్నియాలో ఇదే కథ ఎంతో పెద్ద ఎత్తున జరిగింది. అప్పట్లో అక్కడ మంటల ముందు చేతి పని చేసే బృందాల్లో చాలావరకు జైలు ఖైదీలవి, వాళ్లు అడవి దగ్గర శిబిరాల్లో ఉండేవాళ్లు. 2020లో కరోనా వల్ల జైళ్లలో రద్దీ తగ్గించడానికి కొందరిని ముందే విడిచిపెట్టారు, జూన్ చివర్లో శిక్షణ ఇచ్చే జైల్లో జబ్బు బయటపడి 43 శిబిరాల్లో 12 శిబిరాల్ని ఒకేసారి లాక్‌డౌన్‌లో పెట్టాల్సి వచ్చింది. ఖాళీ పూడ్చడానికి గవర్నర్ న్యూసమ్ జులైలో 858 మంది సీజనల్ ఫైర్‌ఫైటర్లని తీసుకుంటామని ప్రకటించారు. ఆగస్టు మధ్యలో పిడుగులు పడి వందల మంటలు లేచాయి, ఆ ఏడాది ఆ రాష్ట్రంలో 40 లక్షల ఎకరాలకి పైగా కాలిపోయింది. అంత డబ్బు, విమానాలు, హెలికాప్టర్లు ఉన్నచోట కూడా ఒకే కప్పు కింద పడుకునే మనుషులు ఒకేసారి పోయారు. మా క్యాంపుకీ వాళ్ల శిబిరానికీ ఆ ఒక్క విషయంలో తేడా లేదు.

మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టారు, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకానే షాపులు. అగ్గి లేచేది పన్నెండు తర్వాతే. బ్లోయర్‌లో పెట్రోలు అయిపోయినా, వాటర్ క్యాన్లు కావాలన్నా, మనుషులకి తిండి పొట్లాలు కావాలన్నా ఏ కొట్టూ ఉండదు. ఇది చిన్న విషయంలా కనబడొచ్చు గానీ, పొద్దున్న నుంచి తిండి లేని మనిషి నాలుగింటికి మంట ముందు నిలబడలేడు, వాణ్ణి హాజరు లెక్కలో వేసుకుని లాభం లేదు. పదిన్నరకల్లా పులిహోర, నీళ్లు, పెట్రోలు సిద్ధం చేసి పెట్టుకోవడం రోజూ మొదటి పని అయ్యింది.

ఇక దగ్గు. మంట కొట్టి వచ్చినవాడు ఎవడైనా దగ్గుతాడు, కళ్లు ఎర్రబడతాయి, తల బరువుగా ఉంటుంది, ఒళ్లు వేడిగా ఉంటుంది. సచివాలయం నుంచి ఫీవర్ సర్వేకి వచ్చినవాళ్లు థర్మామీటర్ పెడితే అందరూ అనుమానితులే. అందరినీ ఆపితే లైన్ ఖాళీ, ఎవరినీ ఆపకపోతే నాలుగు రోజుల్లో ఇంకా ఖాళీ. మేం చేసిందేంటంటే టెంపరేచర్ పొద్దున్న డ్యూటీకి ముందే చూడటం, మంట నుంచి వచ్చాక చూసినా ఆ అంకెని పట్టించుకోకపోవడం, రాత్రి నిద్రపోయి లేచాక కూడా దగ్గు తగ్గకపోతే టెస్టుకి పంపడం.

ఒక వాచర్ సంగతి చెప్పాలి. లుక్‌అవుట్ డ్యూటీ (ఎత్తు మీద నిలబడి పొగ కోసం కాపు కాయడం), యాభై దాటిన మనిషి, పొగని కంటితో చూడకముందే ముక్కుతో పసిగట్టేవాడు. ఏది గడ్డి పొగ, ఏది జీడి ఆకు పొగ, ఏది ఎవడో వంట చేసుకుంటున్న పొయ్యి పొగ, దూరం నుంచే చెప్పేవాడు. ఒకరోజు ఫోన్ చేసి, "బాబూ, పొగ అగుపిస్తంది గానీ వాసనే తెలీట్లేదండి. గాలి ఇటే వస్తంది. ఏటో తేడాగుంది" అన్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. వాసన పోవడం కరోనా లక్షణమని అప్పటికి అందరికీ తెలుసు కాబట్టి అతన్ని వెంటనే దింపి, టెస్టు చేయించాం. పాజిటివే. అతను మంచం పట్టలేదు, తొందరగానే కోలుకున్నాడు, కానీ వాసన మాత్రం ఆ సీజన్ అంతా తిరిగి రాలేదు. లుక్‌అవుట్‌కి మనిషి ఉన్నాడు, కళ్లున్నాయి, పని సగం పోయింది. ఆ తర్వాత పొద్దున్న హాజరు పిలిచేటప్పుడే గుప్పెడు ఎండుటాకు కాల్చి ఒక్కొక్కరి ముందూ కాస్త దూరంగా పెట్టి, వాసన వస్తోందా అని అడిగేవాళ్లం. ఖర్చు లేని పరీక్ష. దాన్లో ఇంకా కొందరు దొరికారు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టింది ఆ తర్వాతి నీరసం. ఐసోలేషన్ అయిపోయింది, డ్యూటీలో చేరారు, మస్టర్‌లో టిక్కు పడింది. కొండ ఎక్కమంటే సగం దారిలో కూర్చుండిపోయేవాళ్లు. ముప్పై ఏళ్ల కుర్రాడు, ముందటేడాది బ్లోయర్ భుజాన వేసుకుని అందరికన్నా ముందు ఎక్కినవాడు, తుప్పల మధ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయి, మాట రాక చెయ్యి ఊపి "మీరు ఎల్లండి" అని సైగ చేశాడు. అలాంటివాణ్ణి పొగలోకి పంపడం పాపం, పంపకపోతే బృందంలో ఒకడు తగ్గినట్టే. ఆ రోజుల్లోనే ఆ వయసువాళ్లకి టీకా కూడా దక్కలేదు. 45 దాటినవాళ్లకి ఏప్రిల్ 1 నుంచి వేశారు, 18 దాటినవాళ్లకి మే 1 నుంచి అన్నారు గానీ, మా కుర్రాళ్ల భుజానికి సూది దిగేసరికి సీజన్ అయిపోవచ్చింది. కొండ ఎక్కే కుర్రాళ్లే అందరికన్నా చివర.

ఆ వేసవిలో ఒక పాత వాచర్ని పోగొట్టుకున్నాం. ఆ కొండల్లో ఏ గెడ్డలో ఏప్రిల్లో కూడా నీరుంటుందో, ఏ డొంక పట్టుకుంటే మంట వెనకవైపుకి చేరొచ్చో అంతా ఆయన నోటి మీదే ఉండేది, కాగితం మీద ఎక్కడా లేదు.

ఏం మార్చాం

మొదట క్యాంపు ఎత్తేశాం. ఏ ఊరివాళ్లకి ఆ ఊరి దగ్గరి కొండ. ఒక్కో ఊళ్లో ఆరుగురు ఏడుగురితో స్థిరమైన బృందం, వాళ్లు వేరే ఊరి బృందంతో కలవకూడదు, మారకూడదు, జీపు ఎక్కకూడదు, నడిచే వెళ్లాలి. బ్లోయర్, కత్తులు, నీళ్ల క్యాన్లు వీఎస్ఎస్ కమిటీవాళ్ల ఇంట్లో. పెట్రోలు ఇంట్లో పెట్టడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల మాటే నిజం, ఊరి బయట తాళం వేసే చిన్న రేకుల గది చూసుకున్నాం. దీనివల్ల ఒకరికి జబ్బొస్తే ఒక ఊరి బృందమే ఆగుతుంది, కొండంతా ఖాళీ అవదు. ఊరి దారిలో దుంగ అడ్డం ఉన్నా పర్లేదు, మనిషి లోపలే ఉన్నాడు, మంటా అటే ఉంది. ఇంకో లాభం మేం అనుకోనిది: నడిచి వెళ్లేవాళ్లు జీపులో వచ్చేవాళ్లకన్నా ముందే చేరిన రోజులు చాలా ఉన్నాయి. మంట ఉందని ఉపగ్రహం లెక్కతో వచ్చే ఎస్ఎంఎస్ మన ఫోన్‌కి చేరేసరికి ఒక్కోసారి గంటలు గడిచిపోతాయి, పైగా అది చూసేది 375 మీటర్ల గడిని. ఊరివాడికి పొగ మొదలైనప్పుడే కనబడుతుంది.

నష్టం కూడా ఉంది, దాచకూడదు. పెద్ద మంటకి ఆరుగురు చాలరు, రెండు ఊళ్ల బృందాలు కలవాల్సిందే. అప్పుడు ఒక్కో బృందానికి మంట ఒక్కో పక్క అప్పగించి, మధ్యలో కాలిన నేల వదిలి, మాట ఫోన్‌లోనో విజిల్‌తోనో నడిపించాం. సిగ్నల్ లేని చోట్ల ఇది సరిగ్గా కుదరలేదు. అలాంటి చోట్ల ఎదురు మంట పెట్టడం (వచ్చే మంటకి ఎదురుగా మనమే ముందు గడ్డి కాల్చడం) పూర్తిగా మానేశాం, మాట అందని ఇద్దరి మధ్య ఎదురు మంట పెడితే ప్రాణం మీదకి వస్తుంది.

మాస్కు విషయంలో ఆఫీసు మాట ఒకటి, ఫీల్డు మాట ఒకటి. గుడ్డ మాస్కు పొగలో సన్నటి మసిని ఆపదు, చెమటకి తడిసి ముక్కుకి అతుక్కుపోయి ఊపిరి ఆడదు. ఎన్95 పెట్టుకుని కొండెక్కమంటే పది నిమిషాల్లో తీసేస్తారు. అందుకే మాస్కు హాజరు దగ్గర, తిండి దగ్గర, ఊళ్లోకి తిరిగొచ్చేటప్పుడు తప్పనిసరి చేశాం, మంట దగ్గర మనిషికీ మనిషికీ మధ్య దూరమే పాటించాం, అక్కడ ఎలాగూ దూరం అవసరమే. శానిటైజర్ అయితే బృందాల దగ్గర అసలు ఉంచలేదు. అది ఆల్కహాల్, చేతికి రాసుకుని నిప్పు దగ్గరకి వెళ్లేవాడికి ఇవ్వకూడని వస్తువు, సీసా జేబులో పెట్టుకుని మంట ముందు నిలబడ్డవాణ్ణి చూసి నాకు చెమటలు పట్టాయి. సబ్బు ముక్క, నీళ్ల క్యాను, అంతే.

ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసి ఉంచే ఖాళీ పట్టీలు, జనవరిలోనే శుభ్రం చేయించడం ఇంకో మార్పు. సీజన్ మధ్యలో మనుషులు తగ్గుతారని ముందే ఒప్పుకుంటే, వాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పని చేయించుకోవాలి. వెడల్పుగా, ఆకు లేకుండా ఊడ్చిన లైన్ ఉంటే ఐదుగురు పదిమంది పని చెయ్యగలరు. విమ్స్ ఆసుపత్రి హనుమంతవాక దగ్గరే, అప్పుడు కరోనా పేషెంట్లతో నిండిపోయి ఉండేది. ఆ వైపు కొండ అంటుకుని పొగ అటు దిగితే ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల పరిస్థితి ఏంటన్న టెన్షన్ మాకు రెండు నెలలూ ఉంది. ఆ వైపు లైన్లకి ముందు ప్రాధాన్యం ఇచ్చాం, మిగతా చోట్ల ఆలస్యమైనా సరే.

డబ్బు సంగతి రాయకపోతే ఈ కేసు అబద్ధం అవుతుంది. ఫైర్ వాచర్ రోజు కూలీ మనిషి. వస్తేనే కూలీ. జ్వరమని చెబితే రెండు వారాలు పస్తు, చెప్పకపోతే అందరికీ జబ్బు. ఎవడు చెబుతాడు? ఇద్దరు ముగ్గురు పారాసెటమాల్ వేసుకుని టెంపరేచర్ తగ్గించుకుని వచ్చారని తర్వాత తెలిసింది, వాళ్ల మీద కోపం రాలేదు. ఐసోలేషన్ రోజులకి కూలీ ఇవ్వమని పైకి రాశాం, జవాబు రాలేదు. మా చేతిలో ఉన్నది ఒకటే, కోలుకున్నాక కొండ ఎక్కలేనివాళ్లకి వాళ్ల ఊరి గుట్ట మీదే లుక్‌అవుట్ పని, ఫోన్‌లో కబుర్లు అందించే పని, పనిముట్లు సానబట్టే పని ఇచ్చి కూలీ ఆగకుండా చూడటం. అలా చెయ్యడం మొదలుపెట్టాక జ్వరం ఉందని ముందుగా చెప్పేవాళ్లు పెరిగారు. పరీక్షలన్నిటికన్నా ఇదే ఎక్కువ మందిని పట్టిచ్చింది.

ఇప్పుడు మా రిజిస్టర్

మస్టర్ రోల్ పక్కన ఒక మామూలు నోటుబుక్ పెట్టుకున్నాం, మూడు గడులు. మొదటిది పేరు ఉన్నవాళ్లు. రెండోది ఈ రోజు ఊళ్లో ఉండి, పిలిస్తే అరగంటలో నడిచి చేరగలిగినవాళ్లు. మూడోది బ్లోయర్ మోసుకుని కొండ ఎక్కగలిగినవాళ్లు. పైకి పంపే రిపోర్టుల్లో మొదటి గడే అడుగుతారు. మంటకి మూడో గడే లెక్క. ఏ బీట్‌లో అయినా మూడో గడి ఐదుకి తగ్గితే ఆ రోజు ఆ బీట్‌లో మంట మీదకి నేరుగా వెళ్లం, లైన్ దగ్గరే కాపు కాస్తాం, పక్క ఊరి బృందానికి ముందే కబురు పెడతాం. దీనివల్ల కొంత అడవి ఎక్కువ కాలొచ్చు. ఆ నిర్ణయం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తీసుకుంటాం, మంట ముందు నిలబడి ఎవరూ తీసుకోవాల్సిన అవసరం రాకూడదు.

కరోనా పోయాక కూడా ఈ నోటుబుక్ ఆపలేదు. జబ్బు లేని ఏడాదిలోనూ మొదటి గడికీ మూడో గడికీ తేడా ఉంటూనే ఉంది, జ్వరాలు, పండగలు, పెళ్లిళ్లు, వలసలు, మోకాళ్ల నొప్పులు. పాత వాచర్లకి తెలిసిన దారులు, నీళ్ల చోట్లు వాళ్ల వెంట నడిచి ఫోన్‌లో గుర్తులు పెట్టుకుని, ఊరి కుర్రాళ్ల ఫోన్లలోకి కూడా ఎక్కిస్తున్నాం, ఇంకా సగం కొండలు మిగిలే ఉన్నాయి.

ఎవరైనా ఇది తమ సెక్షన్‌లో మొదలుపెట్టాలనుకుంటే ఒకటే మాట. మూడో గడిని ఫోన్‌లో అడిగి నింపొద్దు, ఎక్కగలవా అని అడిగితే కూలీ పోతుందని అందరూ ఎక్కగలమనే అంటారు. ఫిబ్రవరి మొదట్లో ఒకసారి, ఏప్రిల్ మొదట్లో ఇంకోసారి, బ్లోయర్ వీపున వేసి ఊరి పక్క గుట్ట వాళ్లతో కలిసి మీరూ ఎక్కండి, పైకి చేరాక ఎవరు మాట్లాడగలుగుతున్నారో చూసి రాసుకోండి. ఎక్కలేనివాళ్లకి ఆ రోజే లుక్‌అవుట్ పని రాసి, కూలీ ఉంటుందని అందరి ముందూ చెప్పండి.